సార్జెంటమ్మ చీపురు

కొండ మీది శిబిరం,
చలి మొదలైన వారం.

అక్కా,

నువ్వు పంపిన ఊలు మేజోళ్ళు అందాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అమ్మ కళ్ళజోడు మార్పించమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? సరే, రెండూ తొడుక్కునే రాస్తున్నాను. ఇవాళ నాకు చలి అనిపించడం లేదు. ఒళ్ళంతా మండిపోతోంది.

మా వంటశాల వెనక ఒక మురుగు కాలువ ఉంది. గిన్నెలు కడిగిన జిడ్డు నీళ్ళు, తొక్కలు, పై కొసన మరుగుదొడ్ల నీళ్ళు, అన్నీ అందులోకే. వారానికోసారి మా దళం దాన్ని శుభ్రం చేయాలి. చేస్తాం. పనికి ఏడ్చే రకం కాదు నేను, నీకు తెలుసు. కానీ ఆ పని ఎలా మొదలవుతుందో విను. ముందు మేం మా సార్జెంటు గదిలోంచి కుర్చీ మోసుకొస్తాం. చేతులున్న పెద్ద చెక్క కుర్చీ. వాసన ఆయన మీదికి పోకుండా, గాలి వచ్చే వైపు చూసి గట్టు మీద వేస్తాం. గాలి మళ్ళితే కుర్చీ కూడా మళ్ళించాలి. అందుకోసం ఒకడికి ప్రత్యేకంగా డ్యూటీ. ఆయన కూర్చుని, మీసం దువ్వుకుంటూ, "ఆ మూల, ఆ మూల" అంటుంటాడు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు ఆమూల సారు.

ఇవాళ గాలి నాలుగు దిక్కుల నుంచీ కొట్టింది. బురద మోసిన దానికంటే కుర్చీ మోసిందే ఎక్కువ.

ఇక్కడ చదువుకునే గదిలో పాత పత్రికల అడుగున కొన్ని కరపత్రాలు దొరికాయి. ఎవరు పెట్టిపోయారో తెలియదు. అట్టలు లేవు, కొన్నింటికి మొదటి పేజీలే లేవు. నేను వాటిని కంఠతా పట్టేశాను. ఆజ్ఞ ఇచ్చే చేతికి మట్టి అంటనంత కాలం, ఆజ్ఞ మోసేవాణ్ణి ఎవరూ మనిషిగా చూడరని ఒకదాంట్లో ఉంది. అది చదివి మా బ్యారక్ చుట్టూ చెప్పుల్లేకుండా తిరిగాను, అంత ఉద్రేకం వచ్చింది.

నువ్వూ సార్జెంటువే. నీ భుజానా చారలున్నాయి. నీ డిపోలో గిడ్డంగి ఊడ్చే రోజున నువ్వెక్కడ ఉంటావు? నీ చేతిలో ఏముంటుంది? సూటిగా రాయి. డొంకతిరుగుడుగా రాస్తే నాకు తెలిసిపోతుంది.

నీ తమ్ముడు


సరుకుల డిపో క్వార్టర్లు,
ఆదివారం.

ఒరే మిరపకాయా,

మేజోళ్ళు అల్లింది అమ్మ కాదు, నేను. కళ్ళజోడు నాకు మార్పించు.

నీ కుర్చీ కథ అమ్మకి చదివి వినిపించాను. కడుపుబ్బా నవ్వింది. తర్వాత కాసేపు ఆగి, "వాడు నోరు జారకుండా చూడవే" అంది. చూడ్డానికి నేను అక్కడ లేను కదా, అందుకని రాస్తున్నాను. నోరు జారకు.

నువ్వు అడిగినదానికి సూటిగానే చెప్తాను. ఊడ్చే రోజున నేను గుమ్మం దగ్గర నిలబడతాను. నా చేతిలో లెక్కలు రాసే అట్ట, పెన్సిలు ఉంటాయి. చీపురు ఉండదు. మా బస్తాల దొంతర్లు కప్పు దాకా ఉంటాయి. కింద ఊడ్చేవాళ్ళకి పైన ఒరుగుతున్నది కనబడదు. నిరుడు పక్క షెడ్డులో అందరూ ఒంగి పీపా దొర్లిస్తుంటే వెనక దొంతర జారి ఒకడి భుజం ఎముక విరిగింది. చూడ్డం కూడా పనేరా. అందరూ ఒంగితే చూసేదెవరు? మీ సారు కుర్చీ వేసుకుని మీసం దువ్వుకోవడం వేరు, నేను నిలబడి పైకి చూడ్డం వేరు.

ఇంకో సంగతి. ఎండాకాలంలో మా ప్రధాన సార్జెంటు దిగిపోతున్నాడు. సర్వీసు ప్రకారం ఆ స్థానానికి వరసలో మొదట ఉన్నది నేనే. ఏ సరుకు ఏ శిబిరానికి ఎప్పుడు వెళ్ళాలో ఆ గదిలోనే తేలుతుంది, మేజరు సంతకం మాత్రం పెడతాడు. ఇన్నేళ్ళూ నేను నేర్చుకున్నదంతా ఆ గది కోసమే. ఆ గదిలో ఇంతవరకు ఆడమనిషి కూర్చోలేదు. కాబట్టి ఎండాకాలం దాకా నా గురించి ఎవరూ ఏ మాటా అనుకోకూడదు. మంచి మాట కూడా. అర్థమైందనుకుంటాను.

కరపత్రాలు చదువుకో, వద్దనను. పార మాత్రం కింద పెట్టకు.

అక్క


కొండ మీది శిబిరం,
మంచు పడుతోంది.

అక్కా,

నువ్వు చెప్పినట్టే నోరు కట్టేసుకున్నాను. మొన్నటిదాకా.

మొన్న కాలువ గడ్డకట్టింది. పారతో కొడితే అది ఎగిరి మా మోకాళ్ళకే తగులుతోంది. ఆమూల సారు కంబళి కప్పుకుని కుర్చీలో కూర్చుని "ఆ మూల వదిలేశారు" అన్నాడు. నేను పార కింద పెట్టాను. "ఏ మూలో ఇక్కణ్ణుంచి కనబడట్లేదు సార్, ఒక్కసారి దిగి చూపిస్తే నేర్చుకుంటాం" అన్నాను. మర్యాదగానే అన్నాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "దళం మొత్తానికి సెలవులు రద్దు. ఎందుకని మీ దోస్తునే అడగండి" అని కుర్చీ మోయించుకుని వెళ్ళిపోయాడు. నా పక్క మంచం వాడు వడ్రంగి కొడుకు. వాడికి కూతురు పుట్టింది, ఇంకా మొహం చూడలేదు, ఈ వారమే వెళ్ళాలి. సర్దుకున్న సంచి విప్పుతూ, "నీ న్యాయం నువ్వే నమిలి మింగు" అన్నాడు. మిగతా వాళ్ళు ఆ మాత్రం కూడా మాట్లాడ్డం లేదు.

పోనీలే. పోరాటమంటే అంతే. నాకు దానికంటే నీ ఉత్తరమే ఎక్కువ గుచ్చుకుంది. చూడ్డం కూడా పనేనట. ఆమూల సారు కూడా అచ్చం ఇదే అంటాడక్కా. కూర్చుని చూస్తే తప్పు, నిలబడి చూస్తే ఒప్పా? నీది కుర్చీ లేని కుర్చీ, అంతే తేడా.

అమ్మ హాస్టల్లో గదులు ఊడ్చి, బాత్‌రూములు కడిగి, ఆ చేత్తోనే మనిద్దరికీ ముద్ద కలిపి పెట్టింది. ఆ చీపురంటే నీకిప్పుడు నామోషీ. చారలు పడగానే కళ్ళు నెత్తికెక్కాయి. ఎండాకాలం దాకా ఎవరూ ఏమీ అనుకోకూడదా? ఎండాకాలం దాకా, ప్రమోషన్ దాకా, పింఛను దాకా అని నీలాంటివాళ్ళు వాయిదా వేసుకుంటూ పోబట్టే ఈ కాలువలు ఇలా ఉన్నాయి.

నువ్వు అమ్మ కూతురివైతే ఒక్కసారి వాళ్ళతో కలిసి చీపురు పట్టు. పట్టేదాకా నాకు ఉత్తరం రాయకు.


డిపో క్వార్టర్లు,
శనివారం తర్వాతి రోజు.

ఒరే,

నువ్వు రాయొద్దన్నావని చాలా రోజులు రాయలేదు. అబద్ధం. రెండుసార్లు రాసి చించేశాను. వాటిలో ఏముందో ఇప్పుడు అనవసరం.

నిన్న మా షెడ్డులో నూనె పీపా పగిలింది. రంపపు పొట్టు చల్లి, రేకు ముక్కలతో నేలంతా గీకాలి. మా వాళ్ళు గీకుతున్నారు. నేను గుమ్మంలో అట్ట పట్టుకుని నిలబడ్డాను. నీ 'కుర్చీ లేని కుర్చీ' చెవి దగ్గర దోమలా తిరుగుతోంది. ఎంత తోలినా పోదు. చివరికి అట్ట మేకుకి తగిలించి, చొక్కా చేతులు పైకి మడిచి, ఒక రేకు తీసుకుని వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

ముందు అందరూ కొయ్యబారిపోయారు. ఒకడు లేచి సెల్యూట్ కొట్టబోయి జారి బోర్లా పడ్డాడు. నేను ఆపుకోలేక నవ్వాను. ఇక చూడు, అందరూ మొదలుపెట్టారు. నవ్వుతూ గీకుతుంటే మాటలు వచ్చాయి. బండోడని ఒకడున్నాడులే, ఒళ్ళు పెద్దది, మాట చిన్నది. వాడు చెప్పాడు, ఉత్తరం మూల కప్పు కారుతోందట, రెండేళ్ళుగా తడిసిన బస్తాలు అడుగున దాచేస్తున్నారట. "ఎందుకు చెప్పలేదురా" అంటే, "మీరు గుమ్మంలో నిలబడితే మాకు నోరు పెగలదు మేడమ్" అన్నాడు. రెండేళ్ళు పైకి చూస్తూ నిలబడి కూడా ఆ కప్పు నాకు కనబడలేదు.

ఒప్పుకుంటున్నానురా. నువ్వు చెప్పిందే నిజం. ఇక ప్రతి శనివారం నేనూ దిగుతాను. పైన చూడ్డానికి వంతులవారీగా ఒకణ్ణి అట్టతో నిలబెడతాను. వాళ్ళూ చూడ్డం నేర్చుకుంటారు.

నూనె మరకల బట్టలు అమ్మ చూసింది. ఏమీ అడగలేదు. తీసుకెళ్ళి సబ్బు నీళ్ళలో నానబెట్టింది. ఎన్నేళ్ళయిందిరా నేనంత అలిసిపోయి నిద్రపోయి.

వడ్రంగి కొడుకుతో మాట్లాడు. వాడు మాట్లాడకపోయినా సరే, నువ్వు మాట్లాడు.

అక్క


కొండ మీది శిబిరం,
మంచు కరుగుతోంది.

మా సార్జెంటక్కా,

నీ ఉత్తరం బ్యారక్‌లో పైకి చదివాను. బల్ల మీద ఎక్కి చదివాను. సెల్యూట్ కొట్టబోయి జారిపడ్డవాడి దగ్గరికి వచ్చేసరికి వడ్రంగి కొడుకు కూడా నవ్వాడు. నా వైపు తిరగకుండా నవ్వాడు, కానీ నవ్వాడు.

అసలు సంగతి విను. మా కమాండరు తనిఖీకి వచ్చి, ఎవరికైనా చెప్పుకునేది ఉందా అని అడిగాడు. ఎవరూ ఎప్పుడూ ఏమీ చెప్పుకోరు కాబట్టి అడుగుతాడు. నేను ఒకడుగు ముందుకు వేశాను. "మా అక్క సార్జెంటు సార్. తన మనుషులతో కలిసి నేల గీకుతుంది. రెండేళ్ళు తెలియని కప్పు సంగతి ఒక్క రోజులో తెలిసింది. ఇక్కడ ఎందుకు కుదరదు సార్?" అన్నాను. ఆమూల సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. కమాండరు నా వైపు తిరిగాడు. నా పని అయిపోయిందనుకున్నాను. తీరా ఆయన "మంచి ఆలోచన" అన్నాడు.

ఆజ్ఞ వచ్చేసింది. నెలకోసారి సార్జెంట్లందరూ సిపాయిలతో కలిసి మరుగుదొడ్లు కడగాలి. నోటీసు బోర్డు మీద ముద్రతో సహా ఉంది. నేను వెళ్ళి తాకి చూశాను. మా సెలవులు కూడా తిరిగి ఇచ్చారు. అక్కా, ఇదంతా నీ రేకు ముక్క వల్ల. ఒక నూనె పీపా పగిలితే ఒక కొండ కదిలింది. ఈ ఆనందం పట్టలేకపోతున్నాను. కరపత్రాల్లో గెలిచిన తర్వాత ఏం చేయాలో రాయలేదు, లేకపోతే అదీ చేసేవాణ్ణి.

అమ్మకి చెప్పు, తన చీపురు ఎంత దూరం వచ్చిందో.


డిపో క్వార్టర్లు,
ఎండ ముదురుతోంది.

తమ్ముడూ,

అమ్మకి చెప్పాను. "నా చీపురు సంగతి వాడికెందుకు" అని లేచి వెళ్ళిపోయింది. ఏమనుకోకు, మోకాళ్ళ నొప్పులతో చిరాగ్గా ఉంటోంది.

ఇక్కడ కొన్ని తమాషాలు. శనివారం నేను వెళ్ళేసరికి షెడ్డులో ఎవరూ ఉండరు. చీపురు మాత్రం నా గది గుమ్మానికి ఆనించి ఉంటుంది, బుద్ధిగా నా కోసం కాచుకున్నట్టు. నేను సగం ఊడ్చాక ఒక్కొక్కరే వస్తారు. "మేడమ్ ఉన్నారుగా అని..." అంటారు. ఏమనగలను? మొదట్లో నేను రాగానే పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

అట్ట పట్టుకుని నిలబడే వంతు ఇప్పుడు బండోడిదే. మిగతావాళ్ళు వాడికే వదిలేశారు. బాగానే చూస్తాడు, కాదనను. మొన్న మేజరు వచ్చి లెక్కలు వాణ్ణే అడిగాడు. నేను పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాను. నా తల మీదుగా అడిగాడు. వాడు తడబడితే కింద నుంచి నేను అందించాను. మేజరు మెచ్చుకుని వెళ్ళాడు, వాణ్ణి.

పక్క షెడ్డు సార్జెంటు, నాకంటే వెనక చేరినవాడు, "మా వైపు కూడా ఓ చేయి వేయండి సార్జెంటమ్మా. మీ చేయి పడితే ఆ కళే వేరు" అన్నాడు. ఇప్పుడు డిపో అంతా నా పేరు అదే. పై అధికారులు వస్తున్నారని మేజరు సమావేశాల గది నేల కూడా నన్నే చూడమన్నాడు. "మగాళ్ళకి ఈ కన్ను ఉండదు" అన్నాడు. చేశాను. కాదంటే ఇన్నాళ్ళూ చేసింది ఏమిటంటారు కదా.

నవ్వుతూనే రాస్తున్నాను, కంగారు పడకు. వచ్చే నెలలోనే ప్రధాన సార్జెంటు ఇంటర్వ్యూ. ఒకటే ఆలోచిస్తున్నాను, ఈ నెల రోజులు శనివారాలు ఆపేసి మళ్ళీ గుమ్మంలో నిలబడనా అని. నువ్వేమంటావు?

అక్క


కొండ మీది శిబిరం,
సార్జెంట్ల శనివారం.

అక్కా,

ఆపకు. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి.

ఇక్కడ జరిగిన భాగోతం విను. సార్జెంట్లు శనివారం మరుగుదొడ్లు కడగాలి కదా. శుక్రవారం ఆమూల సారు మమ్మల్ని పిలిచి, "రేపు మేం కడుగుతాం. కాబట్టి ఇవాళ మీరు కడగండి" అన్నాడు. కడిగాం. మాలో కొందరు ఎవరూ చెప్పకుండానే రెండోసారి కూడా కడిగారు. పెద్దవాళ్ళ చేత ఆ కంపు ముట్టించడం బాగుండదట. వడ్రంగి కొడుకైతే బ్రష్షు పిడికి కొత్త గుడ్డ చుట్టాడు, సారు చేతికి గుచ్చుకోకుండా. నేను తల బాదుకున్నాను. "ఒరే, వాళ్ళని మనం దింపింది ఎందుకురా" అంటే, "దిగారుగా, ఇంకేంటి" అన్నాడు.

శనివారం ఫోటో తీసేవాడితో సహా కమాండరు వచ్చాడు. అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. ఫోటోలో కడుగుతున్నట్టు కనబడ్డం లేదని ఫోటో తీసేవాడు గొణిగాడు. మేం పూలకుండీలోంచి మంచి మట్టి తెచ్చి అక్కడక్కడా చల్లాం. సార్జెంట్లు దాన్ని కడిగారు. మధ్యలో అలుపు తీర్చుకోవడానికి కుర్చీలు కూడా మేమే మోసుకెళ్ళాం. వాళ్ళు వెళ్ళాక బూట్ల ముద్రలు మేం కడిగాం. ఇదివరకు ఒకసారి కడిగేవాళ్ళం. ఇప్పుడు మూడుసార్లు.

అందుకే చెప్తున్నాను, ఆపకు. ఇక్కడ జరిగింది నాటకం. లోకంలో నిజంగా జరుగుతున్నది ఒక్క నీ షెడ్డులోనే. ఇంటర్వ్యూ కోసం ఇప్పుడు నువ్వు ఆపితే, నీకూ మా సారుకీ తేడా ఏముంటుంది? కుర్రాళ్ళు ఆలస్యంగా వస్తే చీవాట్లు పెట్టు. మేజరు నీ కన్నుని మెచ్చుకున్నాడంటే, పక్క షెడ్డువాడు పొగిడాడంటే, వాళ్ళ మనసు కరుగుతోందనే. ఇంటర్వ్యూలో ఇదే నీకు పెద్ద బలం అవుతుంది, చూస్తూ ఉండు.

నువ్వొక్కదానివి నిలబడితే చాలు, నేను ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టగలను.


డిపో క్వార్టర్లు,
వాన.

తమ్ముడూ,

ఆపలేదు. ఇంటర్వ్యూ ముందు శనివారం కూడా ఊడ్చాను.

బల్ల వెనక అధికారులు కూర్చున్నారు. నా ముందు లోపలికి వెళ్ళినవాణ్ణి వరదొచ్చి దారి తెగితే కొండ శిబిరాలకి సరుకు ఎలా పంపుతావని అడిగారట. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది, మీ శిబిరం పేరుతో సహా. నన్ను అడగలేదు. "నేల మీద జిడ్డు అంత బాగా ఎలా పోగొడతారు" అని అడిగారు. చెప్పాను. నవ్వి రాసుకున్నారు. "కుర్రాళ్ళు మీతో బాగా కలిసిపోయారట కదా, మరి రేపు వాళ్ళకి ఆజ్ఞ ఇవ్వగలరా" అని అడిగారు. ఇవ్వగలను సార్ అన్నాను. అదీ రాసుకున్నారో లేదో.

పక్క షెడ్డు సార్జెంటుకి ఇచ్చారు. వాడు చేతికి ఎప్పుడూ మట్టి అంటించుకోలేదు. గుమ్మంలో నిలబడి చూసేవాడు. నాకు మేజరు అందరి ముందూ ఒక ప్రశంసాపత్రం చదివి ఇచ్చాడు, డిపో శుభ్రతకు. దాంతోపాటు అన్ని షెడ్ల శుభ్రత ఇకమీదట నాదేనని ఆజ్ఞ. నా షెడ్డు బండోడు చూసుకుంటాడు. వాడికి చార వచ్చింది.

పత్రం అమ్మకి చూపించాను. ఏం రాశారో చదవమంది. చదివాను. "నాకు హాస్టలు వాళ్ళు గోడ గడియారం ఇచ్చారు, నీకు కాగితమా" అంది. ఆ తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

అప్పుడు చించేసిన ఉత్తరాల్లో ఏముందో ఇప్పుడు రాస్తాను. నేను చేరినప్పుడు సరుకుల కోర్సులో మా జట్టులో మొదటి స్థానం నాది. చేరిన రోజున పెద్ద సార్జెంటు అందరికీ అట్టలూ పెన్సిళ్ళూ పంచాడు. నా దాకా వచ్చేసరికి అయిపోయాయన్నాడు. ఇదిగో అమ్మా అని చీపురు ఇచ్చాడు. కోపంగా ఇవ్వలేదు, ఆప్యాయంగా ఇచ్చాడు. ఏళ్ళ తరబడి అదే నా చేతిలో. నాతో చేరినవాళ్ళు లెక్కలు రాస్తుంటే వాళ్ళ కాళ్ళ చుట్టూ ఊడ్చాను. లెక్కలు వాళ్ళ మాటల్లో విని నేర్చుకున్నాను. అమ్మకి అప్పుడే తెలుసు. నీకు చెప్పొద్దంది, చిన్నవాడివి, ఊరికే మండిపడతావని. మూడు చారలు నాకు గొప్పకి రాలేదురా. ఆ చీపురు నా చేతిలోంచి తీయడానికి వచ్చాయి. నువ్వు దాన్ని నామోషీ అన్నావు.

నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండేది, ఏం చేయాలో కాస్త తోచేది.

అక్క


కొండ మీది శిబిరం.

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. కాగితం ముందు కూర్చుని కోపం తెచ్చుకోవాలని చూస్తున్నాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. ఇవాళ అదీ రావడం లేదు.

నువ్వు వెంటనే పై అధికారులకి రాయి. నేను కూడా రాస్తాను. కమాండరుకి చెప్తాను. ఆ పత్రం వాళ్ళ మొహాన కొట్టు. రేపటి నుంచి చీపురు ముట్టుకోకు. నిలబడు. నువ్వు ముట్టుకోకపోతే ఏం చేస్తారు?

ఇంత రాసి, పైన నేను రాసింది చదివాను. ముట్టు అన్నదీ నేనే, ముట్టొద్దు అంటున్నదీ నేనే. రెండుసార్లూ నేను ఇక్కడ, నువ్వక్కడ.

నీకు ఒక సంగతి చెప్పలేదు. నీ ఇంటర్వ్యూ అయ్యేదాకా చెప్పకూడదనుకున్నాను. ఆ మరుగుదొడ్ల ఫోటో సైన్యం పత్రికలో వేశారు. ఆమూల సారు చేతిలో బ్రష్షు, మొహంలో నవ్వు. కింద "ఆదర్శ నాయకుడు" అని రాశారు. ప్రధాన సార్జెంటుగా పెంచి పెద్ద శిబిరానికి పంపించారు. వెళ్ళే రోజున నన్ను దగ్గరికి పిలిచి, "ఆ ఆలోచన నీదేరా, మర్చిపోను" అని భుజం తట్టాడు. కుర్చీ లారీ ఎక్కించింది మేమే.

ఒకే పని. ఆయన కుండీలో మట్టి కడిగి పైకి వెళ్ళాడు. నువ్వు నిజంగా నూనె గీకి కిందికి వచ్చావు. నేను ఆ కరపత్రాలన్నీ మళ్ళీ తిరగేశాను. పై వాడు, కింది వాడు అని ఉంది. వాడు, వాడు, వాడు. నీ గురించి ఒక్క ముక్క లేదక్కా. అవి రాసినవాళ్ళ ఇళ్ళలో నేల ఎవరు ఊడ్చేవారో.

అయినా పెద్దవాళ్ళు దిగాలి. ఆ మాట తప్పని మాత్రం నేను ఇప్పటికీ అనలేను. అలా అంటే నువ్వు చేసింది కూడా తప్పవుతుంది. ఏం చేయాలో చెప్పు. ఈసారి నువ్వే చెప్పు, నేను చేస్తాను.

అమ్మకి నా మొహం ఎలా చూపించను?


డిపో క్వార్టర్లు,
వాన తగ్గింది.

తమ్ముడూ,

సెలవు దొరికితే వచ్చెయ్. మొహం ఎలా ఉన్నా అమ్మ చూస్తుంది.

పై అధికారులకి ఎవరికీ రాయకు. నేను ఒకసారి నిలబడి చూశాను. శనివారం చీపురు ముట్టుకోకుండా షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను. అందరూ వచ్చారు. గోడకి ఆనుకుని నాకోసం చూశారు. ఎవరి కళ్ళలోనూ పొగరు లేదు. మేడమ్ ఎప్పుడు మొదలుపెడతారా అని, మామూలుగా, బస్సు కోసం చూస్తున్నట్టు చూశారు. బండోడు మెల్లిగా దగ్గరికొచ్చి, "ఒంట్లో బాగాలేదా మేడమ్" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. కాసేపటికి నేనే తీసుకున్నాను.

ఏం చేయాలో నన్ను చెప్పమన్నావు. నాకు తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా? జరిగింది చెప్తాను, అంతే.

ఈ వారం డిపోకి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, లారీ డ్రైవరు. కొండ దారుల్లో నడపడానికి శిక్షణ అయ్యింది, పరీక్షలో మగాళ్ళని దాటిందట. ఆడపిల్ల లారీ తోలడం ఈ డిపోలో ఇదే మొదలు. నిన్న తన మొదటి బండి. మీ వైపు శిబిరాలకే సరుకు. లోడు ఎత్తడం అయింది, ఇంజను వేడెక్కుతోంది, తను మెట్టు మీద నిలబడి అద్దాలు సర్దుకుంటోంది. నేను షెడ్డు ముందు ఊడుస్తున్నాను. నన్ను చూసింది. నా భుజం మీద చారలు చూసింది. బండి దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. "మీరు చేయడమేంటి మేడమ్, ఇటివ్వండి" అంది. వద్దమ్మా వెళ్ళు అన్నాను. వినలేదు. మర్యాద తెలిసిన పిల్ల. నా చేతిలోంచి చీపురు లాక్కుని ఊడవడం మొదలుపెట్టింది. "మా దళంలో కూడా పెద్దవాళ్ళతో కలిసే చేస్తాం మేడమ్, నాకు అలవాటే" అని నవ్వింది.

"వెళ్ళి బండెక్కు" అని అరిచాను. నేను అరవడం ఈ డిపోలో ఇంతవరకు ఎవరూ వినలేదు. పిల్ల బిక్కచచ్చిపోయింది. ఏం తప్పు చేశానా అని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలో హారన్ మోగింది. తిరిగి చూస్తే లారీ కదులుతోంది. గోడకి ఆనుకుని నిలబడ్డ మా కుర్రాళ్ళలో ఒకడు డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆలస్యమవుతోందని మేజరే ఎక్కమన్నాడట. "ఆ అమ్మాయి సార్జెంటమ్మకి సాయంగా ఉంది కదా, ఉండనీ" అన్నాడట.

సాయంత్రం బోర్డు మీద ఆ బండికి వాడి పేరు రాశారు. ఈ అమ్మాయిని శుభ్రత కింద నా దగ్గర వేశారు.

లారీ గేటు దాటేదాకా ఇద్దరం చూశాం. ఇంకో చీపురు ఎక్కడుందని అడిగింది. చూపించాను. మిగతా సగం ఇద్దరం కలిసి ఊడ్చేశాం.

అక్క